టోక్యోలో మొదటిసారి, ఐదుగురు: గది ఎక్కడ తీసుకోవాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఏప్రిల్ మొదటి వారంలో టోక్యోలో ఆరు రాత్రులు, తర్వాత క్యోటో. మీరిద్దరూ, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తగారు. అందరూ శాకాహారులు. హైదరాబాదు నుంచి సింగపూరు మీదుగా పొద్దున్నే నరిటా విమానాశ్రయంలో దిగుతారు. అసకుసా గుడి, డిస్నీల్యాండ్, ఫూజీ కొండ తప్పనిసరి. అందరూ షింజుకులో దిగమంటున్నారు, అది సరైనదేనా?

మీ ఇంటిల్లిపాదికీ షింజుకు వద్దు. ఉయెనో, ఒకాచిమాచి మధ్యలో, షోవా-దోరి అనే పెద్ద రోడ్డుకు తూర్పున గదులు చూడండి. ఎందుకో చెబుతాను. లెక్క తెలిస్తే రేపు మీ ప్రణాళిక మారినా చోటు మీరే మార్చుకోగలరు.

బుకింగ్ సైట్లలో ‘సెంటరు నుంచి 3 కిలోమీటర్లు’ అని కనిపించే అంకెను పట్టించుకోకండి. టోక్యోకు ఒక సెంటరంటూ లేదు. ఉయెనో, టోక్యో స్టేషన్, షినగావా, షిబుయా, షింజుకు, ఇకెబుకురో ఒక్కోటీ ఒక్కో ఊరంత ఉంటాయి. వీటన్నిటినీ దండలా కలుపుతూ యమనోతే లైను తిరుగుతుంది: 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు, ఒక చుట్టుకు గంట. దండ లోపల తిరిగేది ఎక్కువగా మెట్రో. అందుకని ఇక్కడ బస ఎంచుకోవడమంటే మీరు వెళ్లాల్సిన చోట్లకు రైలు మారకుండా, మారినా ఒక్కసారే మారి వెళ్లగలిగే స్టేషన్‌ను ఎంచుకోవడమే. పేట అందం ఆ తర్వాత. ఐదేళ్ల పిల్లవాడితో, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో వెళ్లేటప్పుడు రైల్లో పట్టే ఇరవై నిమిషాలు భారం కాదు, కూర్చునే అవకాశమైనా ఉంటుంది. స్టేషన్ లోపల నడిచే పది నిమిషాలు, ఎక్కే మెట్లే మనిషిని కూలేస్తాయి.

షింజుకుతో మీకు వచ్చే ఇబ్బంది సరిగ్గా అక్కడే. రోజుకు ముప్పై లక్షలమందికి పైగా వాడే స్టేషన్ అది, బయటికి వెళ్లే దారులే 200 పైన. ‘స్టేషన్ నుంచి 5 నిమిషాలు’ అని హోటల్ రాస్తే ఆ ఐదు నిమిషాలు ఏదో ఒక ఎగ్జిట్ నుంచి లెక్క. మీరు దిగిన ప్లాట్‌ఫాం నుంచి ఆ ఎగ్జిట్‌కే ఇంకో పది నిమిషాలు పట్టొచ్చు. నరిటా నుంచి షింజుకు చేరడానికి నరిటా ఎక్స్‌ప్రెస్‌లో గంటా ఇరవై నిమిషాల పైమాటే. తూర్పు వైపు కబుకిచోలో తెల్లవార్లూ బార్లు, పిలిచి లోపలికి లాగే మనుషులు. పడమటి వైపు ప్రశాంతమే కానీ స్టేషన్‌కు దూరం. రాత్రి పదకొండు దాటాక తిరిగే కుర్రవాళ్లకు, ఫూజీకీ హకోనేకీ రెండు మూడు సార్లు వెళ్లేవాళ్లకు షింజుకు మంచిదే. మీ అవసరం వేరు.

ఇక ఉయెనో వైపు ఎందుకు? ముందు వచ్చే రోజు చూడండి. నరిటా నుంచి కెయిసెయ్ కంపెనీ రైలు స్కైలైనర్ ఎక్కితే నిప్పోరి స్టేషన్‌కు సుమారు నలభై నిమిషాలే. చాలామంది చివరి స్టేషన్ ఉయెనో దాకా వెళ్లి దిగుతారు. కెయిసెయ్ ఉయెనో, జేఆర్ (జపాన్ రైల్వేస్) ఉయెనో వేర్వేరు స్టేషన్లు. సూట్‌కేసులు లాక్కుంటూ బయటికొచ్చి రోడ్డు మీద నడవాలి. హోటల్ ఒకాచిమాచి దగ్గరైతే నిప్పోరిలోనే దిగండి. అక్కడ స్టేషన్ దాటకుండానే జేఆర్‌కు మారొచ్చు, యమనోతేలో మూడో స్టేషనే ఒకాచిమాచి. ఆకుపచ్చ గీత ఉన్న యమనోతే రైలే ఎక్కండి. పక్కనే లేత నీలం గీతతో కెయిహిన్-తొహోకు రైలు అదే దిశలో వెళ్తుంది, కానీ పగటిపూట అది ర్యాపిడ్‌గా నడుస్తూ మామూలు రోజుల్లో ఒకాచిమాచిలో ఆగదు.

స్కైలైనర్‌లో అన్నీ రిజర్వు సీట్లు, మనిషికి సుమారు 2,500 యెన్లు. పాపకు సగం. ఐదేళ్ల బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుంటే టికెట్ అక్కర్లేదు. జపాన్ రైళ్లలో ఆరేళ్లలోపు వాళ్లకు మామూలుగా టికెట్ ఉండదు, ఆరు నుంచి పదకొండేళ్ల దాకా సగం. రైళ్లలో టికెట్ బదులు తాకించే కార్డు సుయికా. పాపకు పిల్లల సుయికా కార్డు కావాలంటే పాస్‌పోర్టు చూపాలి, కనుక విమానాశ్రయంలోనే తీసేసుకోండి. ఇండియాలో కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో సుయికా సాధారణంగా పనిచేయదు, ఐఫోన్లలో పనిచేస్తుంది. మన బ్యాంకు కార్డుతో ఫోన్ సుయికాలో డబ్బు వేయడం అన్నిసార్లూ కుదరదు. మొదటి రోజుకు 20,000 యెన్లయినా నగదు చేతిలో ఉంచుకోండి.

అసకుసాకు ఉయెనో నుంచి గింజా లైనులో ఐదు నిమిషాలు. 1927లో ఆసియాలో తొలి భూగర్భ రైలు నడిచింది సరిగ్గా ఈ ముక్క మీదే, ఉయెనో నుంచి అసకుసా దాకా 2.2 కిలోమీటర్లు. మొదటి లైను కాబట్టి నేలకు దగ్గరగా తవ్వారు, దిగాల్సిన లోతు తక్కువ. ఆ తర్వాత వచ్చిన లైన్లు పాతవాటి కింద నుంచి పోవాల్సి రావడంతో లోతు పెరిగింది. ఓయెదో లైను అన్నిటికంటే అన్యాయం: రొప్పోంగిలో దాని ప్లాట్‌ఫాం నేలకు 42 మీటర్ల కింద. మీ అత్తగారితో వెళ్లేటప్పుడు మ్యాప్ ఓయెదో లైను చూపిస్తే, ఇంకో దారి ఐదు నిమిషాలు ఎక్కువైనా దాన్నే పట్టుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో రైలు దారుల ఆప్షన్లలో వీల్‌చెయిర్ గుర్తున్నది పెట్టుకుంటే లిఫ్టులున్న దారులు చూపిస్తుంది.

డిస్నీల్యాండ్‌కు మైహామా స్టేషన్‌లో దిగాలి. టోక్యో స్టేషన్‌లో కెయియో లైను ఎక్కమని అందరూ చెబుతారు. ఆ ప్లాట్‌ఫాం మిగతా స్టేషన్‌కు ఎంత దూరమంటే భూగర్భంలో పది నిమిషాలకు పైగా నడవాలి, రాత్రి పిల్లలు నిద్రలో తూలుతున్నప్పుడు మళ్లీ అంతే. ఒకాచిమాచి పక్కనే ఉన్న నకా-ఒకాచిమాచిలో హిబియా లైను ఎక్కి హచ్చోబోరిలో దిగండి, అక్కడ కెయియో లైనుకు మారండి. మారే దూరం తక్కువ, మొత్తం ప్రయాణం అరగంటకు కాస్త అటూ ఇటూ. కెయియో, కెయో రెండు వేర్వేరు లైన్లని గుర్తుంచుకోండి. కెయో షింజుకు నుంచి పడమటికి పోతుంది. మీకు కావాల్సింది ముదురు ఎరుపు రంగుది.

ఫూజీ ఒక్కటే ఈ చోటుకు కాస్త ఎదురు తిరిగేది. ఫూజీ పక్కనున్న కవగుచికో వెళ్లే ఎక్కువ బస్సులూ, ఫూజీ ఎక్స్‌కర్షన్ రైలూ షింజుకు నుంచే. ఉయెనో నుంచి షింజుకుకు 25 నిమిషాలు పడుతుంది, కనుక ఆ ఒక్క రోజు పొద్దున అరగంట ముందు లేవాలి. టోక్యో స్టేషన్ యాయెసు వైపు నుంచి కూడా కవగుచికోకు బస్సులున్నాయి, అవి మీకు ఇంకా దగ్గర. ఒక్క రోజు కోసం ఆరు రాత్రుల బస మార్చుకోకండి. శని, ఆదివారాల్లో బస్సులు ఎక్స్‌ప్రెస్ వే మీద ఇరుక్కుపోతాయి, వారం మధ్యలో వెళ్లండి. రైల్లో అన్నీ రిజర్వు సీట్లే, ఏప్రిల్‌లో త్వరగా అయిపోతాయి.

క్యోటో వెళ్లే రోజు చాలామంది చేసే పొరపాటు: ఉయెనోలో షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఆగుతుంది కదా, ఇక్కడే ఎక్కేద్దామనుకోవడం. ఉయెనోలో ఆగేవి ఉత్తరానికీ, హొకురికు వైపుకీ పోయే రైళ్లు. క్యోటో రైలు టోక్యో స్టేషన్‌లోనో షినగావాలోనో ఎక్కాలి. ఉయెనో నుంచి టోక్యోకు ఎనిమిది నిమిషాలే కాబట్టి ఇబ్బంది లేదు, పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది మధ్య మాత్రం సూట్‌కేసులతో యమనోతే ఎక్కొద్దు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు సామాను చోటున్న సీటు ముందే రిజర్వు చేయాలి, లేకపోతే రైల్లో 1,000 యెన్లు కట్టించుకుంటారు. అంతకంటే మేలైన పని: ముందు రోజు ఉదయం హోటల్ కౌంటరులో పెట్టెలు ఇచ్చి, క్యోటో హోటల్‌కు తక్యుబిన్ అనే కొరియర్‌లో పంపేయండి. మామూలుగా మర్నాటికి చేరతాయి. ఒక రాత్రి బట్టలు, మందులు చేతిసంచిలో ఉంచుకుంటే చాలు. ఏడు రోజుల జేఆర్ పాస్ కొనకండి. 2023 అక్టోబరులో దాని ధర 29,650 నుంచి 50,000 యెన్లకు పెరిగింది. టోక్యో–క్యోటో ఒకవైపు సుమారు 14,000. రానూపోనూ వేసుకున్నా పాస్ గిట్టదు.

ఇప్పుడు తిండి సంగతి. జపాన్‌లో శాకాహారికి అసలు చిక్కు మాంసం ముక్కతో కాదు, దాషితో. ఎండబెట్టిన చేప తురుముతో కాచిన ఆ నీళ్లు ఉడోన్, సోబా నూడుల్స్‌లో, మిసో సూప్‌లో, కూరగాయల కూరల్లో కూడా ఉంటాయి. ‘మాంసం లేదు’ అని వాళ్లు నిజాయితీగానే చెబుతారు, చేప నీళ్లు వాళ్ల లెక్కలో మాంసం కాదు. ‘కత్సువో దాషి’ ఉందా అని పేరుపెట్టి అడగండి. హోటల్ టిఫిన్‌లో తెల్లన్నం, బ్రెడ్, సలాడ్, పళ్లు, పెరుగు నమ్మొచ్చు. నట్టో (పులియబెట్టిన సోయా గింజలు)తో వచ్చే చిన్న సాస్ ప్యాకెట్‌లో సాధారణంగా చేప సారం ఉంటుంది.

ఒకాచిమాచి ఇక్కడ కలిసొస్తుంది. నగల టోకు వ్యాపారం నడిచే పేట అది, భారతీయ వర్తకులున్నారు కాబట్టి మన తిండి దొరికే చోట్లు ఉన్నాయి. ఆంధ్రా కిచెన్ అక్కడే ఉంది. గింజాలో ఆంధ్రా డైనింగ్ ఉంది. రెండిట్లోనూ మాంసాహారమూ వండుతారు. అన్నం, పప్పు, సాంబారు దొరికితే పిల్లలూ పెద్దావిడా రెండు రోజులకొకసారైనా కడుపునిండా తింటారు, మిగతా పూటలు ఎలాగైనా గడిచిపోతాయి. టోక్యోలో చాలా భోజన హోటళ్లు మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా మూసేస్తాయి. మూడున్నరకు ఆకలితో బయల్దేరితే తలుపు మూసి ఉంటుంది.

ఎడోగావా వార్డులోని నిషి-కసాయ్‌లో దిగమని కూడా మీకు ఎవరైనా చెబుతారు. మన సాఫ్ట్‌వేర్ వాళ్లు, తెలుగువాళ్లతో సహా, ఎక్కువగా కాపురమున్న చోటు, మన సరుకుల దుకాణాలున్నాయి. బంధువులుంటే వెళ్లి చూసిరండి. అక్కడి నుంచి ఊళ్లోకి వచ్చే తోజాయ్ లైను పొద్దున ఊపిరాడనంత కిక్కిరిసి ఉంటుంది, ప్రతిరోజూ పిల్లలతో అది ఎక్కడం వద్దు.

ఇంటి నుంచి ఎలక్ట్రిక్ కుక్కర్ తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానేయండి. అక్కడ కరెంటు 100 వోల్టులు. 230 వోల్టులకు చేసిన కుక్కర్ దాని శక్తిలో ఐదో వంతు కూడా ఇవ్వదు, గంటయినా బియ్యం ఉడకదు. పైగా హోటల్ గదుల్లో వంట చేయనివ్వరు. గదిలో వేడినీళ్ల కెటిల్ సాధారణంగా ఉంటుంది, వేడినీళ్లు పోస్తే తయారయ్యే ఉప్మా, అటుకుల ప్యాకెట్లు తీసుకెళ్లండి. రెండు చదును పిన్నుల ప్లగ్ అడాప్టర్ కావాలి. ఫోన్ చార్జర్లు మామూలుగా 100 నుంచి 240 దాకా పనిచేస్తాయి, చార్జర్ మీద చూసుకోండి. ఆవకాయ ఫర్వాలేదు. చికెన్, మటన్ పచ్చళ్లు ఇంకెవరి కోసమైనా సరే పెట్టెలో పెట్టకండి, ఎంత గట్టిగా మూత వేసినా జపాన్‌లోకి మాంసం ఉత్పత్తులు రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా పెట్టుకోకండి.

గది కొలతలు చూడకుండా బుక్ చేయడం మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినే చోటు. ఫొటోలన్నీ మూలలో నిలబడి తీసినవే. బిజినెస్ హోటల్‌లో ‘సెమీ డబుల్’ అంటే 11 నుంచి 13 చదరపు మీటర్ల గది, 120 సెంటీమీటర్ల మంచం. ఇద్దరు పెద్దలు పడుకోవచ్చు కానీ రెండు పెట్టెలు ఒకేసారి తెరవలేరు. నలుగురైదుగురికి ఒకే గది మామూలు హోటళ్లలో అరుదు. మీరు రెండు ‘ట్విన్’ గదులు, ఒక్కోటి 18 చదరపు మీటర్లకు తగ్గకుండా, పక్కపక్కన ఇమ్మని అడిగి తీసుకోండి. మీ గదికి ‘హాలీవుడ్ ట్విన్’ అని ఉంటే వదలొద్దు: రెండు మంచాలు కలిపి వేసి ఉంటాయి, బాబు మధ్యలో పడుకుంటాడు. పాప నానమ్మతో. ఇంకో దారి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ హోటల్. మిమారు లాంటివి ఉయెనో వైపు కూడా ఉన్నాయి, ఒకే గదిలో నలుగురైదుగురు పడతారు. అక్కడి గిన్నెలతో అన్నం, పప్పు వండుకోవచ్చు. ఏప్రిల్ మొదటి వారం సకురా (చెర్రీ పూల) రోజులు, రేట్లు ఎక్కడైనా ఎక్కువే. రెండు ట్విన్ గదుల మొత్తానికీ అపార్ట్‌మెంట్ ధరకూ తేడా తక్కువైతే అపార్ట్‌మెంటే తీసుకోండి.

బుకింగ్‌లో మనుషుల సంఖ్య నిజంగా ఎంతో అంతే వేయండి. జపాన్‌లో గది ధర చాలాసార్లు మనిషి లెక్కన మారుతుంది, ఇద్దరికని తీసుకుని ముగ్గురు వెళ్తే కౌంటరులో ఆపుతారు. మంచం పంచుకునే పిల్లలకు డబ్బు తీసుకోని హోటళ్లు ఉన్నాయి, వయసు హద్దు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా: కొన్ని ఆరేళ్లలోపు, కొన్ని ప్రాథమిక పాఠశాల వయసు దాకా. పాపను కూడా పేరుతో చెప్పి రాయండి. పొగ తాగని గది ‘కిన్‌ఎన్’. ఈ మాట కనిపించకపోతే అడిగి నిర్ధారించుకోండి, ఆ వాసన కర్టెన్లకు పట్టి ఆరు రాత్రులూ పోదు.

మీ అత్తగారి కోసం అడగాల్సింది స్నానాల గది గురించి. బిజినెస్ హోటళ్లలో ‘యూనిట్ బాత్’ అనే ప్లాస్టిక్ గది ఉంటుంది: గుమ్మం దగ్గర ఒక మెట్టు ఎత్తు, లోపల టబ్బు అంచు మోకాలి దాకా. షవర్ కోసం కూడా ఆ టబ్బులోకి కాలు ఎత్తి దిగాలి. మోకాళ్లు వంగనివాళ్లకు ప్రమాదం. స్నానం విడిగా, టాయిలెట్ విడిగా ఉన్న గదులుంటాయి. అక్కడ టబ్బు బయట నేల మీద స్టూలు వేసుకుని స్నానం చేయొచ్చు, మనకు అలవాటైన పద్ధతే. అపార్ట్‌మెంట్ హోటల్‌కు నేను ఓటు వేయడానికి ఇది ఇంకో కారణం. టాయిలెట్‌లో నీళ్ల సదుపాయం గురించి బెంగ అక్కర్లేదు, సీటుకే పైపు ఉంటుంది.

ఒకాచిమాచి పేరుతో స్టేషన్లు ఎన్నో చూసుకోండి. ఒకాచిమాచి, నకా-ఒకాచిమాచి, ఉయెనో-ఒకాచిమాచి, ఉయెనో-హిరోకోజి ఒకదానికొకటి దగ్గరే. షిన్-ఒకాచిమాచి మాత్రం తూర్పున దూరంగా ఉంటుంది, ఓయెదో, త్సుకుబా ఎక్స్‌ప్రెస్ లైన్లది. పేరు చూసి అక్కడ గది తీసుకుంటే యమనోతేకు రోజూ పది నిమిషాల నడక అదనం. అసకుసాలోనూ ఇదే గొడవ: త్సుకుబా ఎక్స్‌ప్రెస్ అసకుసా స్టేషన్ మిగతావాటికి అర కిలోమీటరు పైన ఎడంగా ఉంది. మ్యాప్‌లో హోటల్ గుమ్మం నుంచి ‘లిఫ్టు ఉన్న ఎగ్జిట్’కు దూరం కొలవండి. 500 మీటర్లు దాటితే వదిలేయండి.

ఉయెనో చుట్టూ రెండు చోట్లు మానండి. ఉగుయిసుదాని స్టేషన్ పక్కన గంటల లెక్కన గదులిచ్చే హోటళ్లు ఎక్కువ, చవగ్గా కనిపించి మోసపోతారు. యుషిమా వైపు నకాచో వీధిలో రాత్రి బార్ల సందడి. షోవా-దోరి మీద ఎత్తున ఎక్స్‌ప్రెస్ వే పోతుంది, రోడ్డు వైపు గదుల్లో లారీల చప్పుడు వినిపిస్తుంది. వెనక వైపు గది ఇమ్మనండి.

ఉయెనోలో రేట్లు మరీ మండిపోతే తర్వాత చూడాల్సింది నింగ్యోచో. అదే హిబియా లైను, పైగా నరిటాకూ, ఇంకో విమానాశ్రయం హనేడాకూ నేరుగా రైళ్లు పోయే అసకుసా లైను కూడా ఉంది. రాత్రిళ్లు బాగా నెమ్మదిగా ఉండే పేట. ఆ తర్వాత అసకుసాబాషి, కురమాయె. యమనోతే మీదే చవకగా కావాలంటే ఒత్సుకా, ఇకెబుకురో పక్క స్టేషను. ఇళ్లలో అద్దె గదులు తీసుకుంటే 2018 జూన్ చట్టం ప్రకారం ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ప్రకటనలో ఉందో లేదో చూడండి. అవి చాలావరకు లిఫ్టు లేని భవనాలు, వాటిని తీసుకోమని మీకు నేను చెప్పను.

వచ్చే రోజు ఇబ్బంది ఒకటి మిగిలింది. చెక్-ఇన్ మధ్యాహ్నం మూడుకు, మీరు పదకొండుకే అక్కడుంటారు. పెట్టెలు కౌంటరులో ఉంచుకుంటారు, డబ్బు అడగరు. రాత్రంతా విమానంలో కూర్చున్న పెద్దావిడ మాత్రం నాలుగు గంటలు తిరగలేరు. గంటకు ఇంతని తీసుకుని ముందే గది ఇచ్చే హోటళ్లున్నాయి. ఒక్క గదికి రెండు గంటలు అలా అడగండి, ఇప్పుడే మెయిల్ రాసి. మిగతావాళ్లు ఉయెనో పార్కులో పూలు చూసి రావచ్చు.

వీసా దరఖాస్తులో ఏ రాత్రి ఎక్కడ ఉంటారో, ఆ చోటు చిరునామా, ఫోన్ నంబరుతో రోజువారీ పట్టిక ఇవ్వాలి. అందుకని ఉచితంగా రద్దు చేసుకునే బుకింగే ఇప్పుడు చేయండి, సకురా వారానికి ఆలస్యం చేస్తే ట్విన్ గదులే ముందు అయిపోతాయి. టోక్యో బస పన్ను విడిగా ఉంటుంది: మనిషికి రాత్రికి 10,000 యెన్ల నుంచి 100, 15,000 నుంచి 200. బయల్దేరే ముందు మరోసారి చూసుకోండి. హోటల్ చిరునామా జపనీస్ లిపిలో, ఫోన్ నంబరుతో సహా ఫోన్‌లో ఫొటోగా దాచుకోండి. టోక్యోలో చాలా వీధులకు పేర్లుండవు, ఇంటి నంబర్లు బ్లాకుల లెక్కన ఉంటాయి. చిరునామా రోమన్ లిపిలో చూపిస్తే టాక్సీ డ్రైవరు తడబడతాడు, ఫోన్ నంబరు ఇస్తే నావిగేషన్‌లో కొట్టి నేరుగా గుమ్మం ముందు దింపుతాడు.